ఇవ్వని గోలీ లెక్క ఎవరు రాస్తారు? సర్కారు దవాఖాన మందుల వెనక 50 ఏండ్ల కథ

ఈ రోజు ప్రొద్దుటూరు నుంచి మొదలుపెడదాం. ప్రొద్దుటూరు అనగానే కడప జిల్లా, బంగారం దుకాణాలు గుర్తొస్తాయి కదా, అది కాదు. నేను చెప్పేది మన రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు. ఒకవైపు చేవెళ్ల, ఇంకోవైపు మొయినాబాద్. పూల తోటలు, కూరగాయల మడులు, మధ్యమధ్యలో సిటీవాళ్ల ఫామ్‌హౌస్‌లు. హైదరాబాద్‌కి గంటలో వెళ్లొచ్చు.

ఇక్కడ ఒక అవ్వను ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు, ఎందుకంటే ప్రతి ఊళ్లో ఉంటది ఈ అవ్వ. వయసు 65 దాటింది. బీపీ ఉంది, షుగర్ ఉంది. నెలకోసారి సర్కారు దవాఖానకు పోతది. ఓపీ చిట్టీ తీసుకుంటది, డాక్టర్ రాస్తడు, కిటికీ దగ్గర నిలబడుతది. బీపీ గోలీలు 30, షుగర్ గోలీలు 60 రావాలి. లోపలి నుంచి మాట వస్తది: "అవ్వా, షుగర్‌వి ఉన్నయ్, బీపీవి అయిపోయినయ్. బయట కొనుక్కో."

అవ్వ కొట్లాడదు. ఇంటికొచ్చేస్తది. చేతిలో పైసలుంటే కొంటది, లేకపోతే "మంచిగనే ఉన్న కదా" అనుకుని ఆపేస్తది. బీపీ గోలీ ఆపేస్తే ఆ రోజు ఏం కాదు. అదే దాంట్లో ఉన్న ప్రమాదం. ఆరు నెలలకో, ఏడాదికో ఒక పొద్దున కాలుచేయి పడిపోతది. అప్పుడు అంబులెన్స్, ఉస్మానియా, అప్పు. నెలకు కొన్ని రూపాయల గోలీ అందకపోవడం వల్ల లక్షల్లో ఖర్చు.

ఇప్పుడు అసలు విచిత్రం చూడండి. ఈ ఊరి నుంచి పటాన్‌చెరు దగ్గర. బొల్లారం, జీడిమెట్ల, బాలానగర్ కూడా అంత దూరం ఏం కాదు. ఇవన్నీ ఏంటి? మందులు తయారుచేసే ఏరియాలు. దేశంలో బల్క్ డ్రగ్స్ అంటే ముందు హైదరాబాద్ పేరే చెప్తారు. ఇక్కడ తయారైన మందు అమెరికా పోతుంది, ఆఫ్రికా పోతుంది. మరి పక్కూరి అవ్వ కిటికీ దాకా రావడానికి ఎందుకంత కష్టం?

మందు తయారు చేయడం ఒక పని, మందు అందించడం ఇంకో పని. మొదటిది మనం తొందరగా నేర్చుకున్నాం. రెండోది ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం. ఈ ఎపిసోడ్ ఆ రెండో పని గురించి.

మొదటి పని ఎట్లా నేర్చుకున్నాం?

1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే కంపెనీ పెట్టింది. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్. సోవియట్ యూనియన్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో దాని సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఈ రోజుకీ ఆ చౌరస్తాను ఐడీపీఎల్ అనే అంటాం. అక్కడ పనిచేసి, పని నేర్చుకుని, బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టినవాళ్లు చాలామంది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు కూడా మొదట్లో ఐడీపీఎల్ ఉద్యోగే. 1970 పేటెంట్ చట్టం ఇంకో మలుపు. మందు మీద కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇస్తామంది ఆ చట్టం. అంటే అదే మందును వేరే పద్ధతిలో మనవాళ్లు చేసుకోవచ్చు. ధరలు దిగాయి, ఫ్యాక్టరీలు పెరిగాయి.

సరే, మందులు చవకగా తయారవుతున్నాయి. మరి సర్కారు ఏవి కొనాలి? మార్కెట్‌లో వేల బ్రాండ్లున్నాయి. ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు. 1975లో జైసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన ఉన్న కమిటీ రిపోర్టు ఇచ్చింది. దాంట్లో ఒక మాట చాలా ముఖ్యం: దేశంలో ఎక్కువమంది జబ్బులకు నిజంగా కావాల్సినవి వందకు పైగా మందులు, అంతే. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే దారిలో మొదటి అత్యవసర మందుల జాబితా ఇచ్చింది. దాంట్లో సుమారు 200 మందులు. "ఎసెన్షియల్ మెడిసిన్స్ లిస్ట్" అని ఇప్పుడు వింటుంటాం కదా, దాని పుట్టుక అది.

జాబితా అయితే వచ్చింది. కానీ జాబితా కాగితం మీద ఉంటుంది, గోలీ గోదాములో ఉండాలి.

పాత పద్ధతి ఎట్లుండేది?

1970లు, 80ల్లో చాలా రాష్ట్రాల్లో పరిస్థితి ఇదీ. మెడికల్ కాలేజీ ఆసుపత్రులకు ఒక డైరెక్టర్, జిల్లా ఆసుపత్రులకు ఇంకో డైరెక్టర్, పీహెచ్‌సీలకు మరో డైరెక్టర్. ఎవరి టెండర్ వారిది, ఎవరి రేటు వారిది. ఒకే గోలీని ఒకే రాష్ట్రంలో మూడు ధరలకు కొనొచ్చు. మధ్యలో ఏజెంట్లు. సరుకు వచ్చిందా లేదా అని తెలియాలంటే ఉత్తరం రాయాలి. గోలీలు పెద్ద డబ్బాల్లో విడిగా వచ్చేవి. కంపౌండర్ లెక్కపెట్టి కాగితం పొట్లం కట్టి ఇచ్చేవాడు. మీ ఇంట్లో తాతయ్యను అడగండి, ఆ పొట్లం గుర్తుంటుంది. ఆ పొట్లంలో ఉన్న గోలీ ఏ కంపెనీదో, ఏ బ్యాచ్‌దో, ఎప్పటిదాకా పనిచేస్తుందో చెప్పేవాడు లేడు.

దీంట్లో ఉన్న ప్రమాదం ఎంత పెద్దదో 1986లో బొంబాయిలో తేలింది. జేజే హాస్పిటల్, ప్రభుత్వ ఆసుపత్రి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొంతమంది రోగుల కిడ్నీలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. 14 మంది చనిపోయారు. కారణం గ్లిజరాల్ అనే మందు. దాంట్లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉంది. అది ఫ్యాక్టరీల్లో వాడే రసాయనం. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ చేసింది. ఆసుపత్రి కొనుగోళ్లు ఎట్లా జరుగుతున్నాయి, మందును పరీక్షించాల్సినవాళ్లు ఏం చేస్తున్నారు, పైన ఎవరెవరి చేయి ఉంది, ఇవన్నీ ఆ విచారణలో బయటపడ్డాయి.

గమనించండి, ఇది "మందు లేదు" అనే సమస్య కాదు. మందు ఉంది, అదే చంపింది. కాబట్టి సర్కారు మందుల సంస్థకు రెండు బాధ్యతలు. ఒకటి, మందు అందాలి. రెండు, అందింది మందే అయ్యుండాలి.

1995, తమిళనాడు: ఏం మార్చారు?

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పక్క రాష్ట్రం. 1990ల మొదట్లో అక్కడా మందుల కొనుగోళ్ల మీద అక్రమాల ఆరోపణలు, గొడవలు. అప్పుడు ఆ ప్రభుత్వం ఒక పని చేసింది. 1994 జూలై 1న తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ అని ఒక కంపెనీ రిజిస్టర్ చేసింది. 1995 జనవరి నుంచి పని మొదలైంది. ఆర్. పూర్ణలింగం అనే ఐఏఎస్ అధికారి పేరు ఈ కథలో గట్టిగా వినిపిస్తుంది. ఏం చేశారో ఒక్కొక్కటిగా చూద్దాం. ఎందుకంటే తర్వాత మన దగ్గర, కేరళలో, రాజస్థాన్‌లో జరిగిందంతా దీని చుట్టూనే.

ఒకటి: లిస్టు చిన్నది చేశారు. బ్రాండ్ పేర్లు తీసేసి, మందు అసలు పేరుతో మాత్రమే కొనడం. రకాలు తగ్గితే ఒక్కో రకం పెద్ద మొత్తంలో కొనొచ్చు, ధర దిగుతుంది.

రెండు: రెండు కవర్ల టెండర్. మొదటి కవర్‌లో కంపెనీ అర్హత, రెండో కవర్‌లో ధర. ముందు అర్హత చూస్తారు. దాంట్లో పాసైతేనే ధర కవర్ తెరుస్తారు. తయారీదారులే రావాలి, మధ్యవర్తులు కుదరదు.

మూడు: ప్రతి బ్యాచ్‌కి పరీక్ష. గోదాముకు సరుకు రాగానే శాంపిల్ తీస్తారు. దాని మీద కంపెనీ పేరు కనపడకుండా చేసి, కోడ్ నంబర్ వేసి ల్యాబ్‌కి పంపిస్తారు. ఎవరి మందును పరీక్షిస్తున్నామో ల్యాబ్‌కి తెలియదు. రిపోర్టు మంచిగొస్తేనే మందు గోదాము దాటుతుంది. ఫెయిలైతే కంపెనీ బ్లాక్‌లిస్ట్ దాకా పోవచ్చు.

నాలుగు: పొట్లం పోయి స్ట్రిప్ వచ్చింది. దాని మీద తమిళనాడు ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అనే ముద్ర. దొంగతనంగా మెడికల్ షాపుకు పోతే వెంటనే దొరికిపోతుంది.

ఐదు: పాస్‌బుక్. నాకు బాగా నచ్చింది ఇదే. ప్రతి ఆసుపత్రికీ, ప్రతి పీహెచ్‌సీకీ బ్యాంకు పాస్‌బుక్ లాంటి పుస్తకం ఇచ్చారు. ఏడాదికి మీకు ఇన్ని రూపాయల మందులు. లిస్టులో ఉన్న ఏ మందైనా మీకు కావాల్సినంత తీసుకోండి, ఆ విలువ పాస్‌బుక్‌లో తగ్గుతుంది. అంటే చెన్నైలో కూర్చున్నవాళ్లు "నీకు దగ్గు మందు వెయ్యి సీసాలు" అని పంపడం పోయింది. తేళ్లు ఎక్కువ ఉన్న ఊరి డాక్టర్ దానికి తగ్గ మందు తీసుకుంటాడు, జ్వరాలు ఎక్కువ ఉన్నచోట జ్వరం గోలీలు తీసుకుంటాడు. అర్జెంట్‌గా కావాల్సినవి ఆసుపత్రే బయట కొనుక్కోవడానికి బడ్జెట్‌లో 10 శాతం పక్కన పెట్టారు.

వీటన్నింటి కింద ఇంకొకటుంది. కంప్యూటర్. 1995లో! మన ఇళ్లల్లో ల్యాండ్‌లైన్ కూడా లేని రోజులు. జిల్లా గోదాముల స్టాక్‌ను హెడ్ ఆఫీసులో చూసే ఏర్పాటు చేశారు. ఏ మందు ఎక్కడ ఎంత ఉంది, ఏది తగ్గుతోంది, ఏ బ్యాచ్ గడువు దగ్గరపడింది, అన్నీ రికార్డులో.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఈ ఐదింట్లో కొత్త మందు ఏదైనా ఉందా? కొత్త సైన్స్ ఉందా? లేదు. ఇంతకుముందు ఎక్కడా రాయనివాటిని రాయడం మొదలుపెట్టారు. బ్యాచ్ నంబర్ రాశారు. ఆసుపత్రి వాటా రాశారు. ల్యాబ్ రిజల్ట్ రాశారు. స్టాక్ రాశారు. రాసింది కనపడుతుంది. కనపడేదాన్నే బాగుచేయగలం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మరి మన దగ్గర?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చేసిన సంస్థ పేరు వినండి: ఆంధ్రప్రదేశ్ హెల్త్, మెడికల్ హౌసింగ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. పేరులో "హౌసింగ్" ఉంది, "ఇన్‌ఫ్రాస్ట్రక్చర్" ఉంది, "మందులు" అనే మాట లేదు. ఆసుపత్రి బిల్డింగులు కట్టే సంస్థ చేతికే మందులు, పరికరాల కొనుగోలు కూడా ఇచ్చారు. తర్వాత పేరు మారి ఏపీఎంఎస్‌ఐడీసీ అయింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు టీఎస్‌ఎంఎస్‌ఐడీసీ వచ్చింది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది కాబట్టి ఇప్పుడు టీజీఎంఎస్‌ఐడీసీ. హెడ్ ఆఫీసు కోఠిలో. ఇప్పటికీ ఒకే సంస్థ ఒక చేత్తో బిల్డింగులు కడుతుంది, ఇంకో చేత్తో గోలీలు కొంటుంది.

ఇది తప్పా అంటే, తప్పనిసరిగా తప్పని కాదు. కానీ బిల్డింగ్ ఆరు నెలలు లేటైతే రిబ్బన్ కటింగ్ లేటవుతుంది. బీపీ గోలీ ఆరు నెలలు లేటైతే మనిషి పోతాడు. రెండు పనులకూ ఒకే రకం ఓపిక సరిపోదు.

ఇక్కడ కూడా తమిళనాడు నుంచి నేర్చుకున్నవి ఉన్నాయి. అత్యవసర మందుల లిస్టు, టెండర్, ల్యాబ్ పరీక్ష, జిల్లాల్లో సెంట్రల్ మెడిసిన్ స్టోర్లు. వీటిని సీఎంఎస్ అంటారు. బడ్జెట్‌లో 80 శాతంతో కార్పొరేషన్ కొంటుంది, 20 శాతం ఆసుపత్రుల అర్జెంట్ అవసరాలకు. ఈ-ఔషధి అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. సీడ్యాక్ తయారుచేసింది. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టినప్పుడు దీన్ని పెద్ద ఎత్తున వాడింది, తర్వాత చాలా రాష్ట్రాలకు వచ్చింది. మన పీహెచ్‌సీ ఫార్మసిస్టు దాంట్లోనే ఇండెంట్ పెడతారు. ఇండెంట్ అంటే "మాకు ఇన్ని కావాలి" అనే చిట్టీ అన్నమాట.

2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. మన రంగారెడ్డిలోంచే వికారాబాద్, మేడ్చల్ విడిపోయాయి. కలెక్టరేట్లు వెంటనే వచ్చాయి. మందుల గోదాములు మాత్రం చాలాకాలం పాత జిల్లాల లెక్కనే నడిచాయి. 2022లో కొత్తగా 12 సీఎంఎస్‌లు మంజూరు చేశారు. అదే కాలంలో మందుల లిస్టును 720 నుంచి 843కి పెంచారు. బస్తీ దవాఖానలు 2018 నుంచి వచ్చాయి, తర్వాత పల్లె దవాఖానలు. మంచిదే. కానీ ప్రతి కొత్త దవాఖాన అంటే ఇంకో కొత్త కిటికీ. ప్రతి కిటికీ వెనక గోలీ ఉండాలి.

ఎక్కడ జామ్ అవుతుంది?

మూడు చోట్ల.

మొదటిది, బిల్లులు. కంపెనీ మందు సప్లై చేస్తుంది. పైసలు నెలల తరబడి రావు. తర్వాత టెండర్‌లో ఏం చేస్తుంది? ఒకటి, రానే రాదు. రెండు, వస్తే రేటు పెంచి వేస్తుంది, లేటుకు వడ్డీ అందులోనే కలుపుకుంటుంది. రాష్ట్రం విడిపోకముందూ, తర్వాతా "సప్లయర్లకు బకాయిలు, ఆసుపత్రుల్లో మందుల కొరత" అనే వార్త మన పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చిందే. ఇది మందుల సమస్యలా కనిపిస్తుంది కానీ నిజానికి ఖజానా సమస్య. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా చెక్కు రాకపోతే లారీ కదలదు.

రెండోది, పద్ధతి పక్కకు తప్పుకోవడం. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ ఏసీబీ ఒక పెద్ద కేసు పెట్టింది. కార్మికులకు ఈఎస్‌ఐ మందులు కొనే ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్ అనే శాఖ ఉంది. ఇది టీఎస్‌ఎంఎస్‌ఐడీసీ కాదు, వేరే శాఖ, వేరే కొనుగోళ్లు. దాని అప్పటి డైరెక్టర్‌నే అరెస్టు చేశారు. టెండర్ పద్ధతి వదిలేసి ఎక్కువ ధరలకు కొన్నారని, తప్పుడు ఇండెంట్లు పెట్టారని ఆరోపణ. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. మనకు కావాల్సిన పాఠం వేరే. ఒక రాష్ట్రంలో మందులు కొనే తలుపు ఒకటి కాకుండా చాలా ఉంటే, ప్రతి తలుపు దగ్గరా కాపలా కావాలి.

మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది. దీని కోసమే ఈ ఎపిసోడ్ చేశాను.

ఒక పీహెచ్‌సీ తీసుకుందాం. ఊహకే అనుకోండి. 500 మంది బీపీ పేషెంట్లు. నెలకు ఒక్కొక్కరికి 30 గోలీలు, అంటే 15,000. ఏడాదికి 1,80,000. ఇది అవసరం. కానీ మార్చి, ఏప్రిల్, మే నెలల్లో స్టాక్ లేదు. ఆ మూడు నెలల్లో 45,000 గోలీలు ఇవ్వలేదు. కాబట్టి ఏడాది చివర్లో రిజిస్టర్ ఏం చెప్తుంది? 1,35,000 ఇచ్చాం అని చెప్తుంది.

వచ్చే ఏడాది ఇండెంట్ వేసేటప్పుడు దేన్ని చూస్తారు? పోయిన ఏడాది ఎంత వాడామో దాన్ని. 1,35,000. కాస్త కలుపుకుని లక్షా నలభై వేలు అడుగుతారు. అవసరం మాత్రం ఇంకా లక్షా ఎనభై వేలే. అంటే వచ్చే ఏడాది కొరత ఈ ఏడాదే రాసిపెట్టేశాం. ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ లంచం తినలేదు. ఫార్మసిస్టు నిజాయితీగా ఇచ్చింది ఇచ్చినట్టే రాశాడు. ఇవ్వనిది రాయలేదు, అంతే.

స్టాక్ రిజిస్టర్‌లో ఇచ్చిన గోలీ ఉంటుంది. ఇవ్వని గోలీ ఉండదు. ఉత్త చేతులతో తిరిగిపోయిన అవ్వ ఆ రిజిస్టర్‌లో లేదు. కాబట్టి కోఠిలో స్క్రీన్ ముందు కూర్చున్న ఆఫీసర్‌కి ఆమె కనపడదు. అతను చెడ్డవాడు కావాల్సిన పనిలేదు. అతని స్క్రీన్ మీద ఆమె లేదు, అంతే.

తమిళనాడు సంస్కరణ ఎందుకు పనిచేసిందో ఇప్పుడు ఇంకోసారి చూడండి. అంతకుముందు రాయనివి రాశారు కాబట్టి. మనం దాన్ని తెచ్చుకున్నాం, కానీ ఇంకో అడుగు మిగిలి ఉంది. ఇచ్చినదానితో పాటు ఇవ్వలేకపోయినదీ రాయాలి.

"ఇన్ని కష్టాలు ఎందుకు, ఆరోగ్యశ్రీ ఉంది కదా?"

ఈ ప్రశ్న కామెంట్లలో వస్తుందని నాకు తెలుసు. మంచి ప్రశ్నే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్, కిడ్నీ, క్యాన్సర్, ఇట్లాంటి పెద్ద ఖర్చుల నుంచి ఎన్నో కుటుంబాలను కాపాడింది, కాదనలేం. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చే కార్డు. ఇంట్లో కూర్చుని రోజూ వేసుకునే బీపీ గోలీకి ప్రధానంగా ఆ కార్డు కాదు దారి. అవ్వకు పక్షవాతం వచ్చాక కార్డు వస్తుంది. రాకుండా ఆపేది గోలీ. జన ఔషధి షాపులు 2008 నుంచి ఉన్నాయి, చవకే, కానీ అక్కడ కొనుక్కోవాలి. ఆ షాపు మీ ఊళ్లో ఉండాలి కూడా.

ఇంకో ప్రశ్న: "ఒక్కసారి బాగుచేస్తే ఇక అయిపోయినట్టే కదా?" కాదు. కెన్యాలో కెమ్సా అని ఇట్లాంటి సర్కారు మందుల సంస్థే ఉంది. ఎన్నో సంస్కరణలు చూసిన సంస్థ. 2020 కోవిడ్ టైమ్‌లో కొనుగోళ్ల కుంభకోణం ఆరోపణలతో అధిపతినే సస్పెండ్ చేయాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ అనగానే అన్ని రూల్స్ పక్కకు పోయాయి. కాబట్టి సంస్కరణ అంటే బావి తవ్వినట్టు కాదు, చెరువు కట్ట లాంటిది. ఏటా మట్టి పోయాలి. వదిలేస్తే ఏదో ఒక వానకు తెగుతుంది.

మరి మనమేం చేయాలి?

మీలో చాలామంది చేతిలో ఫోన్ ఉంది, ఇంట్లో ఒక అవ్వో తాతో ఉన్నారు. ఆఫీసర్లు చేయాల్సినవి వాళ్లు చేయాలి. ఇవ్వలేని మందుకు సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి పెట్టాలి, బిల్లులు గడువులోపు కట్టాలి, మందులకు బాధ్యుడు ఎవరో స్పష్టంగా ఉండాలి. కానీ మన వంతు కూడా ఉంది.

ఈసారి అవ్వతో పాటు దవాఖానకు పోండి. మందు లేదంటే కొట్లాడకండి, ఫార్మసిస్టు మీద అరవకండి. ఆయన చేతిలో గోదాము లేదు. మర్యాదగా ఒక్కటి అడగండి: "సార్, ఈ మందు స్టాక్ లేదని చిట్టీ మీద రాసివ్వండి." తేదీతో సహా. ఆ చిట్టీని ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలలు ఇట్లా పెట్టుకుంటే మీ దగ్గర ఒక రికార్డు ఉంటుంది. పది మంది పెట్టుకుంటే ఊరి రికార్డు ఉంటుంది. దాన్ని మెడికల్ ఆఫీసర్‌కి, గ్రామసభకి, జిల్లా వైద్యాధికారికి ఇవ్వొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల ఫీజుతో ఒక ప్రశ్న వేయొచ్చు: మా పీహెచ్‌సీ గత ఏడాది బీపీ మందు ఎంత ఇండెంట్ పెట్టింది, ఎంత వచ్చింది, ఎన్ని రోజులు స్టాక్ సున్నా ఉంది? తిట్టడం కాదిది. లెక్క అడగడం. లెక్క అడిగేవాడుంటే లెక్క రాసేవాడుంటాడు.

గోలీ వస్తే కూడా చూడండి. స్ట్రిప్ మీద ప్రభుత్వ సరఫరా ముద్ర, బ్యాచ్ నంబర్, గడువు తేదీ. ఆ మూడు ముద్రల వెనక ఎంత చరిత్ర ఉందో ఇప్పుడు మీకు తెలుసు. జేజే హాస్పిటల్‌లో పోయిన 14 మంది ప్రాణాలున్నాయి, చెన్నైలో పేరు దాచి కోడ్ వేసిన శాంపిళ్లున్నాయి, పొట్లం కట్టిన కంపౌండర్ చేతులున్నాయి.

మళ్లీ మన ప్రొద్దుటూరు అవ్వ దగ్గరికి వద్దాం. వచ్చే నెల ఆమె కిటికీ దగ్గర నిలబడుతది. గోలీ ఉంటే సంతోషం. లేకపోతే, కనీసం ఆమె ఉత్త చేతులతో తిరిగిపోయిందని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ ఒక్క గీత పడితేనే వచ్చే ఏడాది లారీలో ఆమె గోలీ ఎక్కుతుంది.

మీ దగ్గర దవాఖానలో పరిస్థితి ఎట్లుందో చెప్పండి. మంచిగుంటే మంచిగుందని కూడా చెప్పండి, అదీ రికార్డే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఇంటికి పోయి అవ్వ మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి, ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయో లెక్కపెట్టండి. ఉంటా, నమస్తే.